సీసా మూత తీయాలంటే పదిమంది కావాలి: 2021లో సరిహద్దు పల్లెలకు టీకా ఎందుకు ఆలస్యమైంది

మరాఠీలో ‘టీకా’ అంటే విమర్శ. సూదిమందును మరాఠీవారు ‘లస్’ అంటారు. తెలుగువారికి టీకా అంటే సూదిమందే. రెండు భాషలూ ఒకే వాకిట్లో వినిపించే అహేరి, సిరోంచ తాలూకాలలో 2021 వేసవిలో ఈ మాటకు రెండర్థాలూ సరిపోయాయి. టీకా కోసం బయలుదేరినవారు టీకా చేస్తూ తిరిగివచ్చారు. ఆ ఏప్రిల్ నెలలో మహారాష్ట్ర అంతటా అనేక కేంద్రాల తలుపుల మీద ‘లస్ లేదు’ అన్న కాగితాలు వేలాడాయి. పట్టణంలో అటువంటి కాగితం చూసినవాడు మరో వీధిలోని కేంద్రానికి పోగలడు. అడవి దారిన ఒక పూట నడచి వచ్చినవాడికి మరో వీధి లేదు. అతడు ఆ రోజు కూలిని, దానితో పాటు మళ్లీ రావాలన్న ఇచ్ఛను కూడా పోగొట్టుకుని ఇల్లు చేరతాడు.

ఆనాటి ప్రజల ఆగ్రహంలో న్యాయం ఉన్నది. అయితే ఆ ఆగ్రహం ఎక్కువగా ఎదురుగా కనిపించిన ఏఎన్ఎం మీద, ఆశా కార్యకర్త మీద పడింది. ఆలస్యానికి మూలాలు వారి చేతికి అందనంత పైన ఉన్నాయి. వాటిని క్రమంగా తెలుసుకోవడం అవసరం.

మొదట లెక్క. దేశంలో పద్దెనిమిదేళ్లు నిండినవారు సుమారు 94 కోట్లు. ఒక్కొక్కరికి రెండు మోతాదుల చొప్పున 188 కోట్ల మోతాదులు కావాలి. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మొదటి విడతగా కొన్నది 1 కోటి 10 లక్షల కోవిషీల్డ్, 55 లక్షల కోవాక్సిన్ మోతాదులు. జనవరి 16న ఆరోగ్య సిబ్బందికి, ఫిబ్రవరి 2న పోలీసులు, పారిశుద్ధ్య కార్మికుల వంటి వారికి, మార్చి 1న అరవయ్యేళ్లు దాటినవారికి, నలభైఅయిదు దాటిన దీర్ఘరోగులకు, ఏప్రిల్ 1న నలభైఅయిదు దాటిన అందరికీ టీకా ప్రారంభమైంది. అర్హుల జాబితా నెలనెలా పెరిగింది. సరఫరా ఆ వేగంతో పెరగలేదు. పుణెలోని సీరమ్ సంస్థ నెలకు ఆరేడు కోట్ల మోతాదులు తయారుచేస్తుండగా, హైదరాబాదులోని భారత్ బయోటెక్ ఉత్పత్తి అంతకన్న చాలా తక్కువ. ఈలోగా ఆరు కోట్లకు పైగా మోతాదులు విదేశాలకు వెళ్లాయి. కొన్ని దానంగా, కొన్ని అమ్మకంగా, కొన్ని పేద దేశాల ఉమ్మడి పథకం కింద పంపబడ్డాయి. రెండవ ఉప్పెన వచ్చినప్పుడు ఆ అంకె చాలామందికి గుర్తుకువచ్చింది.

ఏప్రిల్ 7న మహారాష్ట్ర ఆరోగ్యమంత్రి రాజేశ్ టోపే, రాష్ట్రంలో మూడు రోజులకు మాత్రమే నిల్వ ఉన్నదని ప్రకటించారు. కేంద్ర ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ ఆ మాటను తీవ్రంగా ఖండించారు. ఆ వాదోపవాదాల మధ్యనే మే 1 నుంచి పద్దెనిమిదేళ్లు దాటిన అందరూ అర్హులన్న నిర్ణయం అమలులోకి వచ్చింది. ఉత్పత్తిలో సగం కేంద్రానికి, పావు వంతు రాష్ట్రాలకు, పావు వంతు ప్రైవేటు ఆసుపత్రులకు అని పంచారు. కేంద్రానికి 150 రూపాయలకు దొరికే కోవిషీల్డ్‌కు రాష్ట్రాలు 300 చెల్లించవలసి వచ్చింది. అయినా అసలు అడ్డంకి డబ్బు కాదు. పన్నెండు కోట్ల మోతాదులకు ఒకే చెక్కుతో సొమ్ము కట్టడానికి సిద్ధమని నాటి ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే చెప్పారు. అమ్మడానికి సరుకు లేదు. మే రెండవ వారంలో మహారాష్ట్ర యువకులకు టీకా ఆపి, ఉన్న మందును పెద్దల రెండవ మోతాదుకు మళ్లించింది. నదికి ఆవల తెలంగాణలోనూ అదే నెలలో కొన్నాళ్లు కార్యక్రమం నిలిచిపోయింది. కనుక ‘చెన్నూరులోని చుట్టాలకు దొరికింది, మనకు దొరకలేదు’ అన్న మాట కొంతవరకే నిజం. ప్రైవేటు వాటా సంగతి వేరు. ఆ మే నెలలో అందులో దాదాపు సగం తొమ్మిది కార్పొరేట్ ఆసుపత్రుల సమూహాలకే చేరింది. అవి నగరాలవి. అహేరికి, ఎటపల్లికి ఆ పావు వంతు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఉన్న కాస్త మందుకు ఫోను అడ్డుపడింది. పద్దెనిమిది నుంచి నలభైనాలుగేళ్లవారు మొదట కోవిన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని, సమయం ఖాయం చేసుకుంటేనే సూది. ఆ పేజీ తొలి నెలల్లో ఇంగ్లీషులో ఉండేది. తెలుగు, మరాఠీ వంటి భాషలు చేరింది జూన్ నాటికి. సంకేతం కోసం చెట్టెక్కే ఊళ్లలో, నిమిషంలో నిండిపోయే సమయాలను ఎవరు పట్టుకోగలరు? పల్లె కేంద్రాల్లో ఖాళీలు చూసి నగరవాసులు కార్లలో వచ్చి సూది వేయించుకుపోయారన్న ఫిర్యాదు మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ వినవచ్చింది. నియమం ప్రకారం అది తప్పు కాదు. ఎవరైనా ఎక్కడైనా వేయించుకోవచ్చు. ఆ ఊరివారు గడప ముందు నిలబడి చూడవలసి రావడమే బాధ. సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో ఈ డిజిటల్ అంతరాన్ని ప్రశ్నించింది. యువకులు డబ్బు చెల్లించి కొనుక్కోవలసివచ్చే విధానం హేతుబద్ధంగా లేదని కూడా వ్యాఖ్యానించింది. మే 24న ప్రభుత్వ కేంద్రాలలో అక్కడికక్కడే నమోదుకు అనుమతి వచ్చింది. జూన్ 7న ప్రధానమంత్రి కొనుగోలును తిరిగి కేంద్రమే చేపడుతుందని ప్రకటించగా, జూన్ 21 నుంచి ఆ పద్ధతి అమలైంది.

ఇంతవరకు చెప్పినది దేశమంతటికీ సంబంధించినది. అడవి పల్లెల ఆలస్యానికి ప్రత్యేకమైన కారణం మరొకటి ఉన్నది. దాన్ని గురించి పత్రికలు అంతగా రాయలేదు. అది సీసా.

కోవిషీల్డ్ సీసాలో అయిదు మిల్లీలీటర్ల మందు ఉంటుంది. మనిషికి అర మిల్లీలీటరు, అంటే పదిమందికి. కోవాక్సిన్ సీసా మొదట ఇరవై మందికి సరిపడేది. మూత తీసిన తరువాత నాలుగు గంటలలోపు వాడాలి, మిగిలినది పారవేయాలి అన్నది 2021 నాటి నిబంధన. నూటికి నూరు మంది వచ్చే పట్టణ కేంద్రంలో ఇది సమస్యే కాదు. ముప్పై గడపల గూడెంలో ఆ ఉదయం నలుగురే వచ్చారనుకుందాం. నర్సు సీసా తెరిస్తే ఆరుగురి మందు వృథా. తెరవకపోతే నలుగురు వట్టి చేతులతో పోవాలి. ఆమె తెరవకపోవడానికి మరొక కారణమూ ఉన్నది. రాష్ట్రాలకు మందు పంచేటప్పుడు జనాభా, వ్యాధి తీవ్రత, టీకా వేగం చూస్తూనే, వృథాను ప్రతికూలాంశంగా లెక్కించారు. వృథా చేసిన చోటికి తక్కువ వస్తుందన్న భయం పై నుంచి కింది దాకా పాకింది. ‘ఇంకా ఆరుగురిని పిలుచుకురండి’ అన్న మాటలో మొండితనం ఏమీ లేదు, లెక్క మాత్రమే ఉన్నది. ఆ లెక్కను గుమికూడినవారికి వారి భాషలో ఎవరైనా చెప్పి ఉంటే సగం కోపం అక్కడే చల్లారేది.

ఆ సీసా రావడమే పెద్ద ప్రయాణం. మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. రాష్ట్ర శీతల గిడ్డంగుల నుంచి గడ్చిరోలి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహేరికి, దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న సిరోంచకు చేరాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దాన్ని ఐస్ పెట్టెలో దాచి, పల్లెకు పోయే రోజు నాలుగు మంచుగడ్డల మధ్య చేతిపెట్టెలో సర్దుకుని నడవాలి. కోవాక్సిన్ తయారైనది హైదరాబాదు పొలిమేరలో. సిరోంచకు ముంబయి కన్న హైదరాబాదు ఎంతో దగ్గర. కానీ మందు దారి రాష్ట్రాల కేటాయింపుల దారి. గోదావరి వంతెన దాటి నేరుగా రాదు.

ఇక్కడ పెద్దలు ఒక ప్రశ్న వేసేవారు: పోలియో చుక్కలు ఇంటికే వచ్చాయి గదా, ఇది ఎందుకు రాలేదు? ప్రశ్న సబబైనదే. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పటి నుంచి పద్ధతి ఒకటే: ముందు దేశమంతటా మందు చేర్చి, తరువాత తేదీ ప్రకటించడం. 2021లో తేదీలు ముందు వచ్చాయి, మందు వెనుక వచ్చింది. పైగా పోలియో చుక్కలు నోట్లో వేసేవి గనుక కొద్ది శిక్షణ పొందిన వలంటీరైనా వేయగలడు. కోవిడ్ టీకాకు సూది వేసే నర్సు, అరగంట పరిశీలన, వికటిస్తే ఇవ్వవలసిన మందులు, కంప్యూటరులో నమోదు అన్నీ కావాలి. ఇంటింటికీ వెళ్లి వేయాలని బొంబాయి హైకోర్టులో ఆ వేసవిలో వాదనలు జరిగాయి. అది సాధ్యం కాదని కేంద్రం చెప్పింది. అదే కేంద్రం నవంబరులో ‘హర్ ఘర్ దస్తక్’ పేరుతో ఇంటి తలుపు తట్టింది. ఆరు నెలల్లో మారినది సరఫరా మాత్రమే.

కాలం కూడా కలిసిరాలేదు. మార్చి నుంచి ఇప్పపువ్వు, మే నెలలో తునికాకు. ఆకు కోత ఉన్న కొద్ది వారాలలోనే ఏడాదికి సరిపడే నగదు చేతికి రావాలి. సూది వేయించుకుంటే రెండు రోజులు జ్వరం, ఆ రెండు రోజులూ కల్లానికి ఆకు కట్టలు లేవు. మిరపకాయలు ఏరడానికి తెలంగాణ జిల్లాలకు వలస వెళ్లే కుటుంబాల ఇబ్బంది ఇంకొకటి. మొదటి మోతాదు ఒక రాష్ట్రంలో, రెండవది మరో రాష్ట్రంలో తీసుకోవడం నియమం ప్రకారం సాధ్యమే. మొదట ఇచ్చిన ఫోను నంబరు, మందు పేరు గుర్తుండాలి. ఫోను మేస్త్రీది అయితే?

రెండవ మోతాదు గడువు మరింత గందరగోళం కలిగించింది. కోవిషీల్డ్‌కు మొదట నాలుగు నుంచి ఆరు వారాలన్నారు. మార్చి 22న ఎనిమిది వారాల వరకు, మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలు అన్నారు. ఎక్కువ విరామం ఇస్తే రక్షణ మెరుగన్న విదేశీ ఫలితాలు నిజంగానే ఉన్నాయి. అయితే సలహా సంఘంలోని కొందరు సభ్యులే తాము అంత విరామాన్ని సూచించలేదని జూన్‌లో పత్రికలతో అన్నారు. కరవు కాలంలో గడువు పెంచితే శాస్త్రం కూడా సాకులా కనిపిస్తుంది. సూది వేస్తే చస్తారన్న పుకారు అప్పటికే తిరుగుతున్న ఊళ్లలో, గడువు తేదీ మారిన చీటీ ఆ పుకారుకు సాక్ష్యంగా మారింది. పుకార్లను నమ్మినవారిని మూర్ఖులనడం తేలిక. రెండుసార్లు వచ్చి తిరిగిపోయినవాడు మూడోసారి రాకపోవడానికి పుకారు ఒక మర్యాదకరమైన కారణంగా కూడా ఉపయోగపడింది.

జూలై తరువాత మందు పుష్కలంగా వచ్చింది. సెప్టెంబరు 17న దేశంలో ఒక్క రోజులోనే రెండున్నర కోట్ల మోతాదులు వేశారు. అయితే సరిగ్గా ఆ నెలలలోనే వాగులు పొంగుతాయి. పర్లకోట నది వంతెన మీదికి వస్తే భామ్రాగఢ్‌కు దారి మూసుకుపోతుంది. వేసవిలో దారి ఉండగా మందు లేదు, వానల్లో మందు ఉండగా దారి లేదు. దేశం అక్టోబరు 21న నూరు కోట్ల మోతాదుల పండుగ చేసుకున్నప్పుడు, లోపలి గూడేలలో అప్పుడప్పుడే బురద ఆరుతున్నది.

పిల్లల వంతు వచ్చినప్పుడు చిక్కు కొంత విడిపోయింది. 2022 జనవరి 3న పదిహేనేళ్లు దాటినవారికి కోవాక్సిన్, మార్చి 16న పన్నెండేళ్లు దాటినవారికి హైదరాబాదులోని బయోలాజికల్ ఇ తయారుచేసిన కార్బెవ్యాక్స్ మొదలయ్యాయి. కార్బెవ్యాక్స్ ప్రభుత్వ సీసాలో ఇరవై మోతాదులు. ఆశ్రమశాలలో ఒక్క తరగతి హాజరు పిలిస్తే ఇరవై మంది లేచి నిలబడతారు.