పల్లీ వద్దన్నారు... అలర్జీ పెరిగింది!

అమెరికాలోనో, లండన్‌లోనో ఉన్న కూతురి పురిటికి వెళ్లొచ్చిన అమ్మమ్మలను ఒకసారి కదిపి చూడండి. చలి గురించి, డైపర్ల గురించి చెప్పడం అయ్యాక పల్లీల ప్రస్తావన తప్పకుండా వస్తుంది. డేకేర్ తలుపు మీద ‘నట్ ఫ్రీ’ బోర్డు, పెద్ద మనవడి లంచ్ బాక్సులో పల్లీ చట్నీ పెట్టొద్దన్న ఆంక్ష, ఆడుకోవడానికి ఇంటికొచ్చిన పిల్లలకు ఏం పెట్టాలన్నా ముందు వాళ్ల అమ్మనో నాన్ననో అడగాలన్న నియమం... మనకు ఇవన్నీ వింతగానే ఉంటాయి. చట్నీ, కారప్పొడి, చిక్కీ, పులిహోర పోపు... పల్లీ తగలని రోజంటూ ఉండదు కదా మనింట్లో! (కోస్తాలో వేరుశనగ గుళ్లన్నా, సీమలో శెనక్కాయలన్నా, బుడ్డలన్నా అన్నీ అవే.)

వింతే గానీ అది చాదస్తం మాత్రం కాదు. పల్లీ అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లలకు చిన్న ముక్క నోట్లో పడినా నిమిషాల్లో ఒంటి నిండా దద్దుర్లు లేస్తాయి. పెదవులు, గొంతు వాచిపోతాయి. ఊపిరి అందదు, బీపీ పడిపోతుంది. దీన్నే అనఫిలాక్సిస్ అంటారు. వేళకు అడ్రినలిన్ ఇంజెక్షన్ పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అక్కడ అలాంటి పిల్లల స్కూలు బ్యాగులో పుస్తకాలతో పాటు ఆ ఇంజెక్షన్ పెన్ను కూడా ఉంటుంది.

అయితే మీకు చెప్పాల్సిన అసలు సంగతి ఇంకోటుంది. ఈ అలర్జీ నుంచి పిల్లల్ని కాపాడాలని అక్కడి ప్రభుత్వం, వైద్య సంఘాలు ఎంతో సదుద్దేశంతో ఇచ్చిన సలహా ఒకటుంది. ఆ సలహాయే దాని పెరుగుదలకు కొంత దోహదం చేసింది.

మూడేళ్లు నిండేదాకా వద్దు

1990ల్లో బ్రిటన్ డాక్టర్ల దగ్గరికి పల్లీ అలర్జీ కేసులు ఎక్కువగా రావడం మొదలైంది. ఊరుకుంటే ఎలా అనుకున్న ప్రభుత్వ ఆరోగ్య శాఖ నిపుణులను సంప్రదించి 1998లో ఓ సలహా ఇచ్చింది. కుటుంబంలో తల్లికో, తండ్రికో, తోబుట్టువులకో ఆస్తమా, ఎగ్జిమా వంటివి ఉంటే గర్భిణులు, పాలిచ్చే తల్లులు పల్లీలు మానుకోవచ్చని, అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డకు మూడేళ్లు నిండేదాకా పల్లీ పెట్టొద్దని దాని సారాంశం.

2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా అదే బాట పట్టింది. ఇది ప్రభుత్వ సంస్థ కాదు. కానీ అక్కడి పిల్లల డాక్టర్లకు దాని మాట వేదవాక్కు. ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు ఏడాది దాకా ఆవుపాలు, రెండేళ్ల దాకా గుడ్డు, మూడేళ్ల దాకా పల్లీలు, చేపలు వద్దంది.

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. పడని వస్తువును దూరం పెడితే పోయే, అంతేగా! మీరైనా, నేనైనా అలాగే అనుకుంటాం. చిక్కేమిటంటే ఆ సలహాకు వెనక గట్టి ప్రయోగ ఆధారం లేదు. ఉన్నది నిపుణుల అంచనా మాత్రమే. పైగా అది కొన్ని కుటుంబాలను ఉద్దేశించి చెప్పిన మాట. కానీ భయం అలా హద్దుల్లో ఆగదు కదా. ఏ ముప్పూ లేని ఇళ్లలో కూడా పల్లీని అటకెక్కించారు.

మరి ఫలితం? అమెరికాలో ఫోన్ సర్వేలు చేస్తే 1997లో పిల్లల్లో 0.4 శాతం మందికి ఉందని తేలిన పల్లీ అలర్జీ, 2008 నాటికి 1.4 శాతానికి చేరింది. ఇదంతా ఆ సలహా వల్లే జరిగిందనడం న్యాయం కాదు. అలర్జీలు అంతకు ముందు నుంచే పెరుగుతున్నాయి, ఆ ఆందోళనలోంచే సలహా పుట్టింది. కానీ ఆపుతుందనుకున్న మందు ఆపలేదన్నది మాత్రం కళ్లెదుటే కనిపించింది. 2008లో అమెరికా వైద్యులు, 2009లో బ్రిటన్ ప్రభుత్వం ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు.

ఇక్కడో మాట. ‘వద్దు’ అన్నదాన్ని వెనక్కి తీసుకోవడం వేరు, ‘పెట్టండి’ అని చెప్పడం వేరు. ఆ రెండో మాట రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఈలోగా తల్లులు పాత భయంతోనే ఉండిపోయారు.

ఇజ్రాయెల్‌లో లేవని చేతులు

లండన్ కింగ్స్ కాలేజీలో పిల్లల అలర్జీ నిపుణుడు గిడియన్ లాక్. ఆయన ఒకసారి ఇజ్రాయెల్‌లో డాక్టర్లకు ఉపన్యాసం ఇస్తూ, ఈ ఏడాది పల్లీ అలర్జీ కేసు చూసినవాళ్లు చేతులెత్తండి అన్నారు. లండన్‌లో అయితే దాదాపు అందరూ ఎత్తుతారు. అక్కడ రెండు మూడు చేతులే లేచాయట. ఎందుకని ఆరా తీస్తే, ఆ దేశంలో పళ్లు రాని పసివాళ్లకు కూడా ‘బాంబా’ అనే చిరుతిండి పెడతారని తెలిసింది. మొక్కజొన్న పేలాల్లాంటి దానికి పల్లీ ముద్ద పట్టించి చేస్తారు. నోట్లో పెట్టగానే కరిగిపోతుంది.

ఆయన బృందం రెండు దేశాల్లోని యూదు పిల్లలనే పోల్చి చూసింది, వంశపారంపర్య తేడాల వల్ల అన్న వాదనకు తావు లేకుండా. 2008లో వచ్చిన ఆ లెక్కల్లో బ్రిటన్ పిల్లల్లో 1.85 శాతం మందికి పల్లీ అలర్జీ ఉంటే, ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతమే. అంటే దాదాపు పది రెట్ల తేడా!

పోలిక ఒక్కటే చాలదు, ప్రయోగం కావాలి. అదే ‘లీప్’ అధ్యయనం. తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న, 4 నుంచి 11 నెలల వయసు పిల్లలు 640 మందిని తీసుకున్నారు. సగం మందికి వారానికి మూడుసార్లయినా పల్లీ పదార్థం తినిపించారు. మిగతా సగం మందికి అయిదేళ్లు వచ్చేదాకా పల్లీ చూపించలేదు. 2015లో ఫలితాలొచ్చాయి. పల్లీ మానేసిన పిల్లల్లో 17.2 శాతం మందికి అలర్జీ వస్తే, తిన్నవాళ్లలో 3.2 శాతం మందికే వచ్చింది. తినిపించడం వల్ల ముప్పు 81 శాతం తగ్గిందన్నమాట.

తినకపోతే ఎందుకొస్తుంది?

మన రోగనిరోధక వ్యవస్థ కొత్త వస్తువును ఏ దారిలో మొదట కలిసిందన్నది ముఖ్యం. నోటి ద్వారా పేగుల్లోకి వస్తే ‘ఇది తిండి’ అని గుర్తుపెట్టుకుని ఊరుకుంటుంది. అదే పల్లీ అణువులు ఎగ్జిమాతో పగిలిన చర్మం గుండా లోపలికి దూరితే ‘శత్రువు’ అనుకుని యుద్ధానికి దిగుతుంది. బిడ్డకు పెట్టకపోయినా ఇంట్లో పెద్దలు తింటూనే ఉంటారు కదా. ఆ పొడి చేతుల మీద, పక్కబట్టల మీద, దుమ్ములో ఉంటుంది. నోటి దారి మూసేస్తే ఇక మిగిలింది చర్మం దారే. పొక్కిన చర్మానికి వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో ఈ అలర్జీ ఎక్కువని 2003లోనే బ్రిటన్ పరిశోధనలో కనిపించింది.

పసిపిల్లల విషయంలో మంచికని చెప్పింది ఎదురుతిరగడం ఇదే మొదటిసారీ కాదు. వాంతి చేసుకుంటే గొంతుకు అడ్డం పడుతుందని, బిడ్డను బోర్లా పడుకోబెట్టమని పాశ్చాత్య దేశాల్లో ఏళ్ల తరబడి చెప్పారు. నిద్రలోనే బిడ్డలు చనిపోవడానికి ఆ భంగిమ పెద్ద కారణమని తెలిశాక, 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో ‘వెల్లకిలా పడుకోబెట్టండి’ అని ప్రచారం చేశారు. అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి.

పల్లీ విషయంలోనూ గాలి మారింది. 2017లో అమెరికా ప్రభుత్వ సంస్థే ముందుగా పెట్టమని మార్గదర్శకాలిచ్చింది. ఆ తర్వాత మూడేళ్లలోపు పిల్లల్లో ఈ అలర్జీ 40 శాతానికి పైగా తగ్గినట్టు 2025లో ఫిలడెల్ఫియా పరిశోధకులు ప్రకటించారు.

మరి మన ఇంట్లో?

మన దగ్గర పల్లీ అలర్జీ తక్కువే. కానీ ‘మూడేళ్ల దాకా వద్దు’ అన్న పాత సలహా మీ ఫోన్‌లోనో, విదేశాల్లో ఉన్న మీ అమ్మాయి ఫోన్‌లోనో ఇంకా తిరుగుతుంటే దాన్ని పక్కన పెట్టండి.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. ఆ తర్వాత ఉగ్గు, రాగి జావ వంటివి అలవాటయ్యాక పల్లీ మొదలుపెట్టొచ్చు. వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి, జావలోనో, పెరుగులోనో, చిదిమిన అరటిపండులోనో పలుచగా కలపాలి. ఉప్పు, కారం ఉన్న మన చట్నీ పనికిరాదు. గట్టి ముద్దగా పెడితే గొంతుకు అంటుకుపోతుంది. ఇక పల్లీ గింజలు, ముక్కలు అయిదేళ్ల లోపు పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. ఊపిరితిత్తుల గొట్టంలో ఇరుక్కుంటే అలర్జీ కంటే ముందు అదే ప్రాణాంతకం. బూజు వాసన వచ్చేవి, ముడుచుకుపోయి నల్లబడ్డవి ఏరి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు.

మొదటిసారి బిడ్డ హుషారుగా ఉన్న రోజు, పగటిపూట, ఇంట్లోనే పెట్టండి. వేలి కొసన కొద్దిగా నాకించి పది నిమిషాలు ఆగండి. ఏమీ కాకపోతే మిగతాది నెమ్మదిగా తినిపించి, రెండు గంటల పాటు గమనించండి. దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, పిల్లికూతల్లాంటి ఊపిరి కనిపిస్తే ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ పట్టి కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పడితే అక్కడితో వదిలేయకుండా వారానికి రెండు మూడుసార్లు, సుమారు రెండు టీస్పూన్ల ముద్ద చొప్పున కొనసాగించాలి.

బిడ్డకు తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, గుడ్డు పడకపోయినా సొంతంగా మొదలుపెట్టొద్దు. ముందు పిల్లల డాక్టరుకు చూపించండి, పరీక్ష చేసి ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో చెబుతారు. అలర్జీ ఇప్పటికే ఉందని తేలిన పిల్లలకు ఇందులో చెప్పిందేదీ వర్తించదు. వాళ్లకు ‘అలవాటు చేద్దాం’ అని అమ్మమ్మలు, నాయనమ్మలు చాటుగా చిక్కీ ముక్క పెట్టడం ప్రమాదకరం.