విషపు మొక్కకు అచ్చుబొమ్మ

వినాయక చవితికి పూజలో పెట్టే 21 పత్రిల్లో మూడు విషపు మొక్కలవి. దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, కరవీర పత్రం అంటే గన్నేరు, అర్క పత్రం అంటే జిల్లేడు. ఉమ్మెత్త గింజల్లో ఉండే అట్రోపిన్, స్కోపలమిన్ మతి తప్పిస్తాయి, మోతాదు మించితే ప్రాణం తీస్తాయి. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ ఏది కడుపులోకి పోయినా గుండె లయ చెడుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కరీంనగర్‌లో ఇవి కంచెల పక్కన, బీడు భూముల్లో, ఇంటి ముందరే కనిపిస్తాయి. ఆదిలాబాద్ అడవి వైపు పోతే ముష్టి, గురిగింజ, నల్లజీడి తోడవుతాయి. రోజూ చూస్తూనే ఉంటాం కానీ, ఆకు అంచు ఎట్లుంటుందో చెప్పమంటే చాలామందిమి తడుముకుంటాం. వాటిని చెక్కి అచ్చువేయడం ఆ తడుములాటను పోగొడుతుందని నా నమ్మకం.

ఇక్కడ చెబుతున్నది ఉబ్బెత్తు అచ్చు గురించి. పలక మీద వద్దనుకున్న చోటు చెక్కేస్తాం. మిగిలిన ఎత్తు భాగానికి రంగు అంటుతుంది, అదే కాగితం మీద పడుతుంది. మచిలీపట్నం, పెడన కలంకారీ అచ్చులు చేసే పని ఇదే. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌కు పేరు తెచ్చిన ఎచింగ్‌లది దీనికి తిరగబడిన పద్ధతి: లోహపు రేకు మీద యాసిడ్ తిన్న గీతల్లో సిరా నిలుస్తుంది, దాన్ని పైకి లాగడానికి బరువైన యంత్రం కావాలి. ఉబ్బెత్తు అచ్చుకు యంత్రం లేకున్నా పని నడుస్తుంది. దండి యాత్రలో కర్ర పట్టి నడిచే గాంధీ బొమ్మను నందలాల్ బోస్ 1930లో చేసింది లినోలియం (లినో) పలక మీదే.

విషపు మొక్కలకూ అచ్చుకూ పాత బంధం ఉంది. స్ట్రాస్‌బర్గ్‌లో 1530లో వచ్చిన బ్రున్‌ఫెల్స్ మూలికల గ్రంథానికి హాన్స్ వైడిట్జ్ మొక్కల్ని చూసి గీసిన బొమ్మల్ని చెక్క మీద చెక్కి అచ్చువేశారు. మన దగ్గర 1780లలో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించి, తెలుగు పేర్లూ రాసుకున్నాడు. 1795లో లండన్‌లో మొదలైన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథం రాగిరేకుల మీద చెక్కిన బొమ్మలది. అందులో తొలి పలకల్లోనే ముష్టి, చిల్ల రెండూ ఉన్నాయి.

ఈ జంట దగ్గర కాసేపు ఆగాలి. రెండూ ఒకే ప్రజాతివి. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. 1818లో ఫ్రాన్స్‌లో పెల్‌టియే, కావెంటూ ఈ ప్రజాతి మొక్కల గింజల నుంచే దాన్ని వేరు చేశారు. చిల్లగింజను మాత్రం కుండ లోపల రుద్ది, నీటి మడ్డిని అడుగుకు దించేవారు. ఆకులు చూస్తే పోలికే: రెండింటికీ మొదలు దగ్గర నుంచే మూడు నుంచి ఐదు ఈనెలు బయల్దేరుతాయి. తేడా పండులో ఉంది. ముష్టి పండు నారింజ రంగులో పెద్దగా ఉంటుంది, లోపల నూగున్న చదును బిళ్లలు. చిల్ల పండు చిన్నది, పండితే నల్లబడుతుంది, లోపల గుండ్రటి గింజ ఒక్కటే. పెన్సిలు బొమ్మలో ఈ తేడాను మసక నీడలతో దాటేయొచ్చు. అచ్చులో ఉన్నవి రెండే, నలుపూ తెలుపూ. ఏ గీత ఉంచాలి, ఏది తీసేయాలి అని ఉలి పెట్టే ముందే తేల్చుకోవాలి. మొక్కను గుర్తుపట్టే కన్ను అక్కడే తయారవుతుంది.

మొదటి ప్రయత్నానికి ఉమ్మెత్త పువ్వు తీసుకోండి. కోసుకు రావద్దు, ఫోటో చాలు. లినో గట్టిగా ఉంటే ఎండలో కాసేపు పెట్టండి, మెత్తబడుతుంది. బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి గీయాలి, లేకుంటే అచ్చులో కుడిఎడమలు మారతాయి. తీగ మొక్కలకైతే చుట్టుకునే దిక్కే తప్పు పడుతుంది. తెల్ల పువ్వు కాబట్టి పువ్వునే చెక్కి తీసేయండి. మడతల దగ్గర సన్నని నల్ల గీతలు మాత్రం మిగల్చండి. నేపథ్యం నల్లగానే ఉండనివ్వండి, రాత్రి విచ్చే పువ్వుకు ఆ నలుపు నప్పుతుంది. సన్న గీతలకు వి ఆకారపు ఉలి, వెడల్పు జాగాకు యు ఆకారపు ఉలి వాడండి. పలక పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి. రోలరుతో సిరా పలుచగా పూసి, కాగితం పరచి, స్టీలు చెంచా వెనకవైపుతో రుద్దండి. సిరా ఎక్కువైతే సన్న గీతలు పూడుకుపోతాయి.

గురిగింజకు రెండు పలకలు కావాలి. ముందు ఎరుపు, అది ఆరాక మొన దగ్గరి నల్లమచ్చ. నలుపు ఎరుపును కప్పేస్తుంది గనుక ఆ వరస మార్చకూడదు. ఈ గింజను బొమ్మలోనే ఉంచండి, పిల్లల చేతికి పూసగా గుచ్చనివ్వకండి. నమిలినా, సూదితో పొడిచినా పైపెంకు పగిలి అబ్రిన్ అనే విషం బయటపడుతుంది.

చివరగా నల్లజీడి. చాకలివాళ్లు ఒకప్పుడు బట్టలకు గుర్తు పెట్టింది ఈ గింజ రసంతోనే, ఉతికినా పోదు. చెరగని సిరా కదా, అచ్చుకు వాడదామని ఎవరికైనా అనిపించొచ్చు. ఆ రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. సిరా కొట్లో కొన్నదే వాడండి.