పారబోసే కూరగాయల్లో పొయ్యికి సరిపడా గ్యాసు

ధర పలకని టమాటాను ఏం చేస్తున్నారు? గట్టున పారబోస్తున్నారు. అది కుళ్లి కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. ఆ కుళ్లులోనే వంటకు పనికొచ్చే గ్యాసు ఉంది. దాన్ని ఒడిసి పట్టొచ్చని హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో చేసి చూపించారు.

అక్కడి ప్లాంటు పద్ధతిని రూపొందించింది తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీకి దగ్గర్లోనే ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.). చెత్తను ఏరి, ముక్కలు చేసి, జావలా రుబ్బి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపుతారు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు దాన్ని ముందు ఆమ్లాలుగా, తర్వాత మీథేన్ గ్యాసుగా మారుస్తాయి. వచ్చిన గ్యాసులో కొంత తిరిగి లోపలికే వదిలి జావను కలియబెట్టడం ఇందులో విశేషం. 10 టన్నుల చెత్తకు సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట ఇంధనం వస్తాయని లెక్కగట్టారు. 2021 జనవరిలో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో ఈ మార్కెట్టును ప్రస్తావించారు.

మనకు ఉపయోగమేమిటి?

అంత పెద్ద ప్లాంటు చిన్న రైతుకు అక్కర్లేదు. సూత్రం మాత్రం మన గోబర్ గ్యాసుదే. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పచ్చి పేడ, అన్నే నీళ్లు కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి. ఐదారుగురున్న ఇంట్లో వంటకు ఆ గ్యాసు చాలు. పశువులు తగ్గాయని ప్లాంటును మూలపడేశారా? పేడ లోటును కొంతవరకు కూరగాయల చెత్త, మిగిలిన అన్నం, గంజితో పూడ్చుకోవచ్చు. అన్నమైతే కిలోకు పేడకంటే ఎక్కువ గ్యాసే ఇస్తుంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* మొదట పేడతోనే నింపండి. గ్యాసు బాగా మండటం మొదలయ్యాకే చెత్త వేయండి.
* చెత్తను సన్నగా తరిగి, నీళ్లలో కలిపి, రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. ఒక్కసారే గంపెడు కుమ్మరిస్తే లోపల పులుపు పెరిగి సూక్ష్మజీవులు దెబ్బతింటాయి.
* పొయ్యి మీద మంట నిలవకపోతే చెత్త ఆపి, కొన్నాళ్లు పేడ ఒక్కటే వేయండి.
* నిమ్మతొక్కలు, ఉల్లిపొట్టు ఎక్కువగా వేయొద్దు. సబ్బునీళ్లు, ఫినాయిలు అసలే వద్దు.
* బాగుచేద్దామని గొయ్యిలోకి ఎవరూ దిగకూడదు. లోపలి విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి.

బయటికొచ్చే మడ్డిని పారేయకండి. గ్యాసు పోయినా నత్రజని అందులోనే ఉంటుంది. పెంటకుప్పలో కలిపి చేనుకు తోలుకుంటే ఎరువుల ఖర్చు కొంత తగ్గుతుంది. కొత్తగా కట్టాలనుకునేవారు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్, తెలంగాణలో రెడ్‌కో అధికారులను కలిసి, సబ్సిడీ ఉందో లేదో ముందే కనుక్కోండి.