గత్తర పురుగు గుట్టు

వానలు మొదలైతే చాలు, మా పాలమూరు ఇళ్లలో అత్తగార్లది ఒకటే మాట: "నీళ్లు కాచి తాగుండ్రి, గత్తర రోజులు!" గత్తర అంటే కలరా. 1813లో హైదరాబాదు, సికింద్రాబాదుల్లో గత్తర సోకినప్పుడు మహంకాళి అమ్మవారికి మొక్కుకున్నారనీ, లష్కర్ బోనాలు అలా మొదలయ్యాయనీ పెద్దలు చెబుతారు.

ఈ కలరా పురుగు గుట్టు మైక్రోబయాలజీ చదువుతున్న మా అమ్మాయి చెబితే ఆశ్చర్యపోయాను. మీరూ వినండి.

నీళ్లతో కడుపులోకి పోయిన పురుగు చిన్నపేగులో చేరి విషం కక్కుతుంది. ఆ విషం సంగతి 1959లో కలకత్తాలో శంభునాథ్ డే గారు తేల్చారు. దానివల్ల ఒంట్లో నీరంతా పేగులోకి వచ్చి విరేచనాలుగా పోతుంది. గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

అయితే విషం ఎప్పుడు కక్కాలో పురుగుకెలా తెలుస్తుంది? పెళ్లి వంటకి మనం పుస్తకం చూసి వంటమనిషికి చీటీ రాసిస్తాం కదా! పురుగులోనూ అంతే. డి.ఎన్.ఎ. పుస్తకమైతే, ఆర్.ఎన్.ఎ. చీటీ. ఆ చీటీ ప్రకారం ప్రోటీన్లు తయారవుతాయి. విషాన్ని ఆపించే ప్రోటీనుకూ ఒక చీటీ ఉంది. పురుగులు కొద్దిగా ఉన్నప్పుడు నాలుగు రకాల చిట్టి ఆర్.ఎన్.ఎ.లు పుట్టి ఆ చీటీకి అతుక్కుపోతాయి. ఇంక దాన్ని చదివేదెవరు? అడ్డు చెప్పేవాళ్లు లేక పురుగు పేగు గోడ పట్టుకుని విషం కక్కుతుంది. ఈ చిట్టి ఆర్.ఎన్.ఎ.ల సంగతి 2004లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బోనీ బాస్లర్ గారి బృందం బయటపెట్టింది.

ప్రతి పురుగూ ఒక రసాయనం వదులుతుంది. గుంపు పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. అప్పుడు చిట్టి ఆర్.ఎన్.ఎ.లు ఆగిపోతాయి. చీటీ పని చేస్తుంది, విషం ఆగుతుంది. పోనీలే, బుద్ధొచ్చింది అనుకునేరు! పేగు గోడ వదిలి బయటికి పోయి, నీళ్లలో కలిసి, ఇంకో ఇల్లు వెతుక్కోవడానికే ఈ ఎత్తు.

మనం చేయాల్సింది

అందుకే రోగి బట్టలు బోరు దగ్గర, బావి దగ్గర ఉతకకండి. రోగికి చేసిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే వంటింట్లోకి రండి. కాచిన నీళ్ల బిందెలో చెయ్యి ముంచకుండా, కాడ ఉన్న గరిటెతో తీసుకోండి.

విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి తాగించండి. లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయండి. టీ చెంచాతో తలకొట్టి కొలవాలి సుమా! 1971లో బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ గారు ఇలాంటి ఉప్పు, చక్కెర నీళ్లే తాగించారు. నూటికి 30 మంది దాకా పోతున్నచోట చావులు 4కు లోపే ఆగాయి. చంటిపిల్లలకి తల్లిపాలు మానిపించకండి. తాగిస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

పురుగుకి అంత తెలివుంటే, బిడ్డల్ని కాపాడుకునే మనకి ఇంకెంత ఉండాలి, చెప్పండి?