హెడ్మాస్టరుకూ చదువు కావాలి

మా చెల్లెలి కొడుక్కు తొమ్మిదేళ్ళు. గజేంద్రమోక్షం చెప్పమంటే, మొసలి కాలు పట్టుకున్నది మొదలు శ్రీహరి చక్రం వేసేదాకా పొల్లుపోకుండా చెబుతాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం వాడికి ముచ్చెమటలు పోస్తాయి. ‘ప’ రాయమంటే ‘వ’ రాస్తాడు. ఎం.ఏ. తెలుగు చదివి, ఏళ్ళ తరబడి కాలేజీలో పాఠాలు చెబుతున్న నేనే వాణ్ణి సోమరిపోతని కసిరాను. తరువాత తెలిసింది, దాన్ని డిస్‌లెక్సియా అంటారనీ, తెలివితక్కువతనం కాదనీ. ఆ కసురు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కిందటేడు వాణ్ణి వెంటబెట్టుకుని ఒక బడికి వెళ్ళాను. హెడ్మాస్టరుగారు ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన పెద్దమనిషి. కాఫీ తెప్పించారు. కాగితాలు చూసి, "ఇలాంటి పిల్లలకు వేరే బళ్ళున్నాయి కదండీ, మాష్టారూ!" అన్నారు. ఆయన చెడ్డవారేమీ కాదు. తెలియదు, అంతే.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించింది. మావాడి ఇబ్బంది కూడా అందులో ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఇలాంటి పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి. ఇబ్బందిని చిన్నతనంలోనే కనిపెట్టాలి. పరీక్షలో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి సదుపాయం ఉండాలి. ఇదంతా దగ్గరుండి జరిపించవలసింది ఎవరు? హెడ్మాస్టరే గదా!

మరి ఆయన హెడ్మాస్టరు ఎలా అయ్యారు? బి.ఇడి. చదివారు, లెక్కలు బాగా చెప్పారు, సీనియారిటీ వచ్చింది, కుర్చీ ఎక్కారు. భిన్నాలు చెప్పడం వేరు, బడి నడపడం వేరు. అమెరికాలో చాలా రాష్ట్రాలలో ప్రిన్సిపాలు కావాలంటే ఎం.ఏ. స్థాయి చదువూ, లైసెన్సూ ఉండాలి. కొన్నిచోట్ల ప్రత్యేక విద్యను నడిపే అధికారికి వేరే లైసెన్సు. మనకూ దారులు లేకపోలేదు. బడి పెద్దల శిక్షణకోసం 2012లో ఢిల్లీలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం వెలసింది. సికిందరాబాదులో 1984లో నెలకొన్న జాతీయ సంస్థలో ప్రత్యేక విద్య నేర్పుతున్నారు. ఆ రెండు చదువులూ ఒకే హెడ్మాస్టరు గదిలో కలుసుకోవడమే అరుదు.

కలుసుకుంటే ఏమవుతుందో రెండో బడిలో చూశాను. అక్కడి హెడ్మిస్ట్రెస్‌గారు ఉద్యోగం చేస్తూనే ఏడాదిపాటు బడి నిర్వహణ చదువుకున్నారట. "నాకూ మొదట తెలియదండీ, నేర్చుకున్నాను" అన్నారు. మావాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టించారు. అందరి ఎదుటా పైకి చదివించవద్దని టీచర్లకు చెప్పారు. టైంటేబిలు సర్ది, ప్రత్యేక టీచరుకు వారానికి నాలుగు పీరియడ్లు ఇచ్చారు. ఆవిడ పెట్టిన అదనపు ఖర్చు ఏమీ లేదు.

పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు మనం ఫీజు అడుగుతాం, ర్యాంకులు అడుగుతాం. "అయ్యా, వెనకబడ్డ పిల్లవాడికి మీ బడిలో ఏం చేస్తారు?" అని కూడా అడిగి చూడండి.

మొన్న ఆదివారం మావాడు వేలు పెట్టుకుని నాలుగు వాక్యాలు చదివాడు. మధ్యలో ‘ప’ దగ్గర ఆగాడు. ఈసారి నేను కసరలేదు.