పాత కూసాలు, కొత్త కంచె

కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలలో తోటల చుట్టూ బారులు తీరిన రాతి కూసాలు కనబడతాయి. కూసం అంటే కంచె కోసం నేలలో పాతిన పొడవాటి సన్నని రాయి. ఇతర సీమలలో కర్రగుంజలు పాతేచోట ఇక్కడి రైతులు రాయి పాతుతారు. ఈ సీమలో బండరాతి గుట్టలకు కొదవ లేదు. రాతి పనివారు బండమీద వరుసగా చిన్న గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగగొడతారు. ఆ వరుస వెంబడే రాయి నిలువునా చీలుతుంది. రాయికి చెద పట్టదు, తుప్పు పట్టదు. తాత పాతిన కూసం మనుమడి కాలానికీ నిలిచి ఉంటుంది.

తీగ మాత్రం అంతకాలం నిలవదు. ముళ్ళతీగకు 1874లో జోసెఫ్ గ్లిడెన్ అనే అమెరికా రైతు పేటెంటు పొందాడు. రెండు తీగలను పురిపెట్టి, ముళ్ళు జారకుండా వాటి నడుమ బిగించడం అతని ఉపాయం. ఇనుపతీగకు జింకు పూత ఉంటుంది. ఆ పూత అరిగినచోట గాలి, నీరు తగిలి తుప్పు మొదలవుతుంది. కొన్నాళ్ళకు మేక ఒరుసుకున్నా తీగ తెగుతుంది. అప్పుడు కంచె అంతా పీకి కొత్తది వేయనక్కరలేదు. కూసాలను ఉంచుకొని తీగ మారిస్తే చాలు, ఖర్చులో పెద్దభాగం మిగులుతుంది.

మొదట కూసాలను పరీక్షించాలి. చేత్తో గట్టిగా నెట్టి చూడాలి. సుత్తితో తట్టినప్పుడు ఖంగుమంటే రాయి మంచిది. బొద్దుగా మోగితే లోపల బీట ఉన్నదని అనుమానించాలి. వాలిన కూసాన్ని పీకవలసిన పని లేదు. అది ఏ వైపు వాలిందో దానికి ఎదురువైపు మట్టి తవ్వి, నిటారుగా లాగి నిలిపి, ఏర్పడిన సందుల్లో రాళ్ళు, మట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయాలి. వానలు పడి నేల మెత్తబడినప్పుడు ఈ పని సులువు. ఏడడుగుల కూసం రెండడుగులైనా నేలలో ఉండాలి. విరిగిన కూసాలనూ పారవేయరాదు. తీగ లాగుడంతా మూలకూసాల మీదే పడుతుంది. అక్కడ ఏటవాలుగా ఊతం పెట్టడానికి ఆ ముక్కలు పనికివస్తాయి. విప్పిన పాత తీగను చుట్టచుట్టి తీసివేయాలి. గడ్డిలో మిగిలిన తునకను పశువు మింగితే ప్రాణాపాయం.

పాత కూసాలను కదల్చకపోవడంలో మరొక మేలు ఉంది. పొలాల హద్దును చూపేవి అవే. కొత్త కంచె వేసే నెపంతో ఒక్క కూసం మూరెడు జరిగినా ఇరుగుపొరుగుల మధ్య తగవు పుడుతుంది. అందువల్ల పాత కూసం తీసి వేరొకటి నాటవలసివస్తే పొరుగు రైతును పిలిచి, అతని ఎదుటే పాత గుంతలోనే నాటడం మేలు.

తెలుగువారి కంచెను ఈ సరిహద్దు సీమలోని తమిళులు వేలి అంటారు, కన్నడిగులు బేలి అంటారు. మాటలు వేరైనా, కంచే చేను మేస్తే ఎలాగన్న సామెత మూడు భాషలలోనూ ఉంది. ఒకే గట్టుకు అటూ ఇటూ సేద్యం చేసేవారికి భయాలూ ఒకటే కాబోలు!

అటువంటి భయాలలో ఏనుగులది ప్రత్యేకం. రాగి పంటకు వచ్చే కాలంలో డెంకణికోట, తళి అడవుల అంచున ఏనుగుల గుంపులు పొలాలలోకి దిగుతాయి. ముళ్ళతీగ వాటిని ఆపలేదు. కొందరు తెగించి, తీగకు నేరుగా కరెంటు పెడతారు. ఇది చట్టవిరుద్ధం, మనుషులకు కూడా ప్రాణాంతకం. 2023 మార్చిలో పొరుగున ఉన్న ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర ఇటువంటి కంచె తగిలి మూడు ఆడ ఏనుగులు చనిపోయాయి. వాటి వెంట ఉన్న రెండు పిల్లలు తల్లిలేనివయ్యాయి.

సౌరకంచె తీరు వేరు. సూర్యరశ్మితో నిండిన బ్యాటరీ నుండి ఒక యంత్రం తీగలోకి విద్యుత్తును ఆగి ఆగి, క్షణంలో అతి స్వల్పభాగం మాత్రమే పంపుతుంది. తగిలిన జంతువు ఉలిక్కిపడి వెనుదిరుగుతుంది. రెండు తాకిడుల మధ్య విరామం ఉన్నందున తీగను విడిపించుకొనే వీలుంటుంది. ఇటువంటి తీగనూ పాత రాతికూసాలకే కట్టవచ్చు. అయితే రాయికీ తీగకూ మధ్య ఇన్సులేటరు తప్పక బిగించాలి. లేకుంటే వానకు తడిసిన రాయి గుండా విద్యుత్తు నేలలోకి దిగిపోతుంది. తీగను తాకే కలుపుమొక్కలను కూడా ఎప్పటికప్పుడు కోసివేస్తూ ఉండాలి.