మందు తగ్గిన తూటా

తెలుగులో 'మందు' అన్న మాట ఔషధానికీ చెల్లుతుంది, తుపాకిలో కూరే పొడికీ చెల్లుతుంది. ఉర్దూలో 'దారూ' అన్న మాటది కూడా ఇదే కథ. 'దవా-దారూ' అన్నప్పుడు ఔషధం. పాతకాలపు సిపాయి నోట తుపాకిమందు. రెండు భాషలలోనూ ఈ మాటలకు గల మూడవ అర్థం కళాశాల పత్రికలో ప్రస్తావించదగినది కాదు కనుక విడిచిపెడుతున్నాము. ఔషధం మోతాదు తగ్గితే రోగం కుదరకపోవచ్చును గాని, తగ్గినందువల్ల సీసా పేలిపోదు. ఈ అనుభవం చేతనే కాబోలు, తుపాకిమందు విషయంలో కూడా 'ఎంత తగ్గిస్తే అంత క్షేమం' అనుకోవడం మనకు సహజంగా తోస్తుంది. అది అన్ని వేళలా నిజం కాదు. ఎందుకు కాదో వివరించడమే మా ఉద్దేశం.

భాష చెప్పుకొనేవారికి తుపాకులతో పనేమని పాఠకులు అడుగవచ్చును. ఎన్.సి.సి. విద్యార్థులు .22 రైఫిల్ పేల్చి వచ్చిన మరునాడు తరగతిలో వ్యాకరణం సాగదు. భుజానికి దెబ్బ తగలని ఆ చిన్న తూటాను చూసి, పెద్ద రైఫిల్ తూటాలో సగం మందు వేస్తే అదీ ఇంత మెత్తగానే పేలుతుంది గదా అని వారికి సందేహం కలుగుతుంది. సందేహం తెలివైనదే. అమెరికాలో ఎందరో అనుభవజ్ఞులకు కూడా ఈ ఆలోచనే వచ్చింది. వారిలో కొందరికి రైఫిళ్లు పగిలిన తరువాత గాని జవాబు దొరకలేదు.

అమెరికాలో ఇంటివద్దనే తూటాలు నింపుకొనడం చాలాకాలంగా ఉన్న అలవాటు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి డొప్ప, దాని అడుగున దెబ్బకు రాజుకొనే రంజకం, లోపల మందు, మూతిన గుండు. రంజకాన్ని అక్కడివారు ప్రైమర్ అంటారు. పేల్చిన తరువాత మిగిలిన డొప్పను తీర్చి, కొత్త రంజకం, మందు, గుండు అమర్చుకొంటే ఖర్చు తగ్గుతుంది, తమ రైఫిల్‌కు తగిన తూటా తయారవుతుంది. ఫిలిప్ షార్ప్ అనే రచయిత ఈ విద్య మీద 1937లోనే ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి మిగిలిపోయిన 4895 అనే మందును బ్రూస్ హాజ్‌డన్ అనే వ్యాపారి కొని సామాన్యులకు అమ్మడంతో ఈ అలవాటు మరింత వ్యాపించింది. మన దేశంలో సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ప్రభుత్వ లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. కనుక మేము చెప్పబోయేది చేసి చూడవలసిన పని కాదు. అర్థం చేసుకొనవలసిన భౌతికశాస్త్ర విషయం.

మందు తగ్గించాలని ఎందుకు కోరుతారు? కారణాలన్నీ మంచివే. పిల్లలకు గురి నేర్పేటప్పుడు భుజపు దెబ్బ, చప్పుడు తక్కువగా ఉండాలి. కుందేలు వంటి చిన్న జంతువును కొట్టడానికి పెద్ద జింకను పడవేసే బలం అక్కరలేదు. ఇంట్లో సీసం కరిగించి పోసుకొన్న గుండ్లు చౌక. అయితే అవి ఎక్కువ వేగానికి తట్టుకోలేవు. గుండు వేగం సగమైతే దాని శక్తి నాలుగవ వంతుకు దిగుతుంది. ఇంతవరకు లెక్క సరిగానే ఉన్నది. చిక్కు గుండు తుపాకిని విడిచిన తరువాత కాదు, విడువక ముందు.

ఒక ఉదాహరణ తీసుకొందాము. అమెరికా సైన్యం 1906లో స్వీకరించిన తూటాను .30-06 అంటారు. దీనిలో పూర్తి మోతాదు సుమారు 50 గ్రైన్లు. 7,000 గ్రైన్లు ఒక పౌను కనుక, ఇది మూడు గ్రాములకు కొంచెం పైమాట. ఈ కొద్దిపాటి పొడి సెకనులో వెయ్యవ వంతు కాలంలో పుట్టించే ఒత్తిడికి అక్కడి తయారీదారుల సంస్థ విధించిన హద్దు చదరపు అంగుళానికి 60,000 పౌనులు. కారు చక్రంలో గాలి 30 పౌనులుంటుంది. అనగా రెండు వేల రెట్లు. ఇంత ఒత్తిడిని రైఫిల్ తట్టుకొనడం ఉక్కు ఘనత ఒక్కటే కాదు, మంట నడకలోని క్రమం కూడా.

ఆ క్రమాన్ని చూడాలంటే 1884కు వెళ్లాలి. అంతకు ముందు వాడినది గంధకం, సూరేకారం, బొగ్గు కలిపిన నల్లమందు. డొప్పను దానితో నిండుగా నింపేవారు. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఉంచరాదని ఆనాటి వేటగాళ్లకు బాగా తెలుసు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియే 1884లో పొగలేని మందు కనిపెట్టాడు. రెండేండ్లకు ఫ్రెంచి సైన్యం దానితో పేలే లెబెల్ రైఫిల్‌ను స్వీకరించింది. కొత్త మందు బలం ఎంతో ఎక్కువ కనుక కొద్దిగా వేస్తే చాలు. డొప్పలో ఖాళీ మిగలడం సాధ్యమైంది. అంతకంటె ముఖ్యమైన తేడా మరొకటి ఉన్నది. ఈ మందు పలుకులు పైపొర నుండి లోపలికి పొరపొరగా కాలుతాయి. ఆ కాలే వేగం చుట్టూ ఉన్న ఒత్తిడిని బట్టి మారుతుంది. ఒత్తిడి పెరిగితే మంట వేగం పెరుగుతుంది. మంట పెరిగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఈ నియమానికి వియే పేరే పెట్టారు.

మరి ఈ పరుగుకు కళ్లెం ఏది? గుండు కదలడమే. గుండు ముందుకు జరిగే కొద్దీ దాని వెనుక చోటు పెరుగుతుంది, వాయువులకు ఎడం దొరుకుతుంది, ఒత్తిడి అదుపులో ఉంటుంది. కాబట్టి ప్రతి తూటాలోనూ గుండు పరుగుకూ మందు మంటకూ ఒక పందెం నడుస్తున్నదన్నమాట. తయారీదారులు పుస్తకాలలో అచ్చువేసే మోతాదులు ఈ పందెం సరిగా సాగుతుందని పరీక్షించి చూసిన హద్దులు. పై హద్దును అందరూ గౌరవిస్తారు. కింది హద్దు కూడా హద్దేనని చాలామందికి తోచదు.

మొదటి ప్రమాదం అందరికీ సులభంగా అర్థమయ్యేది: గుండు తుపాకి గొట్టంలోనే చిక్కుకొనిపోవడం. గొట్టం లోపలి మెలికల గాట్లలోకి గుండును బిగించి తోయడానికి కొంత బలం అవసరం. మెత్తని సీసపు గుండు అయితే తక్కువ బలానికే జారుతుంది. రాగి తొడుగున్న గుండు రాపిడి ఎక్కువ. మందు మరీ తగ్గితే అది సగం దారిలో ఆగుతుంది. అంతమాత్రాన హాని లేదు, ఆగినట్లు పేల్చినవాడు గుర్తిస్తే. గుర్తించక రెండవ తూటా పేల్చితే, వెనుక నుండి వచ్చిన గుండు ముందున్న దానికి తగిలి గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. మందు తగ్గించినవాడు మెత్తని చప్పుడునే ఆశించి పేల్చుతాడు. కనుక చప్పుడు మరీ మెత్తబడినా అనుమానించడు. తనంతట తాను తూటా మార్చుకొనే రైఫిల్‌లో ప్రమాదం ఇంకా ఎక్కువ. బలం చాలక యంత్రం కదలదు. పేల్చేవాడు అది మామూలే అనుకొని చేత్తో లాగి తరువాతి తూటా ఎక్కిస్తాడు. చప్పుడులో తేడా వచ్చినా, లక్ష్యంపై రంధ్రం కనబడకపోయినా అక్కడితో ఆపి, రైఫిల్ ఖాళీ చేసి, గొట్టంలోకి కడ్డీ దూర్చి చూడాలన్నది ఈ కారణం చేతనే.

రెండవది మొదటిదానికి సరిగా ఎదురు. తగ్గించిన తూటాలకు తరచుగా పిస్తోలు మందును, అనగా త్వరగా కాలేదానిని, వాడుతారు. పెద్ద డొప్పలో అది అడుగున కొద్దిగా కనబడుతుంది. వరుసగా యాభై డొప్పలు నింపేటప్పుడు మధ్యలో టెలిఫోన్ మోగిందనుకొందాము. తిరిగి వచ్చి నింపిన డొప్పలోనే మళ్లీ నింపితే, అది పొర్లదు, పైకి ఏమీ తెలియదు. రెట్టింపు మోతాదు త్వరగా కాలే మందు రైఫిల్‌ను బద్దలు చేయగలదు. తక్కువ బలం కోసం మొదలుపెట్టిన పని హద్దు మీరిన బలంతో ముగుస్తుంది. అందుకే జాగ్రత్తపరులు నిండిన డొప్పలన్నింటినీ ఒక చెక్క పలకలో నిలబెట్టి, దీపం వెలుగులో ఒక్కొక్కదాని లోపలికి చూసిన తరువాతనే గుండ్లు బిగిస్తారు. ఇంకొక ఉపాయం, సరైన మోతాదే డొప్పలో సగానికి పైగా నిండే గుల్ల మందును ఎన్నుకొనడం. రెండవసారి పోస్తే పొర్లిపోయి తప్పు తానే బయటపడుతుంది. ట్రెయిల్ బాస్ అనే మందును నడుమ రంధ్రమున్న చిన్న గారెల ఆకారంలో, తేలికగా చోటు నింపేటట్లు ఈ అవసరం కొరకే చేశారు. దానిని గుండుతో అదిమి నొక్కరాదని తయారీదారుల హెచ్చరిక. ఉపాయానికీ ఒక హద్దు!

మూడవది అన్నింటికంటె విచిత్రమైనది. నెమ్మదిగా కాలే మందును పెద్ద సీసా ఆకారపు డొప్పలో బాగా తగ్గించి వేసి పేల్చినప్పుడు, పూర్తి మోతాదుకు కూడా రానంత ఒత్తిడి ఒక్కొక్కసారి పుట్టి రైఫిళ్లు పగిలిన ఉదంతాలు ఉన్నవి. అదే తూటాల పెట్టెలో మిగిలినవి మామూలుగానే పేలుతాయి. దీనికి కారణమేమిటన్న విషయంలో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు; కోరినప్పుడల్లా ప్రయోగశాలలో జరిపించి చూపడం సాధ్యం కాకపోవడమే ఇందుకు కారణం. మాకు నచ్చిన వివరణ ఇది. ఖాళీ ఎక్కువైన డొప్పలో మందు అడ్డంగా పరచుకొని ఉంటుంది. రంజకం దెబ్బకు గుండు కొంచెం కదలి గాట్ల మొదట ఆగుతుంది. మందు ఇంకా సరిగా రాజుకోలేదు. ఇంతలో పరచుకొన్న మందు పైభాగమంతా ఒక్కసారిగా అంటుకొంటుంది. ఇప్పుడు గుండు పరుగెత్తే వస్తువు కాదు, బిరడా. కళ్లెం తెగింది. ఒత్తిడి మంటను, మంట ఒత్తిడిని పెంచుకొంటూ పోతాయి. అలజడి అలలుగా డొప్పలో ఇటూ అటూ కొట్టుకొనడమే కారణమనేవారూ ఉన్నారు. వివరణ ఏదైనా ఆచరణ ఒక్కటే: నెమ్మదిగా కాలే మందును పుస్తకంలో ఉన్న కనీస మోతాదు కంటె తగ్గించరాదు.

ఈ కనీసం మందు మందుకూ మారుతుంది. హాజ్‌డన్ సంస్థవారు తమ హెచ్ 4895 మందును గరిష్ఠ మోతాదులో 60 శాతం వరకు తగ్గించవచ్చునని ప్రకటించారు. అదే సంస్థవారు హెచ్ 110 అనే మందును 3 శాతానికి మించి తగ్గించరాదని హెచ్చరిస్తారు. తగ్గితే అది సరిగా రాజుకోక గుండు గొట్టంలో నిలిచిపోవచ్చు. ఒకదానికి నలభై పాళ్ల స్వేచ్ఛ, మరొకదానికి మూడు పాళ్లు! పైగా అంకెలు ఒకటైనంత మాత్రాన మందు ఒకటి కాదు. హాజ్‌డన్ 4895, ఐ.ఎం.ఆర్. 4895 రెండు వేరు సరకులు. నానార్థాలకు అలవాటుపడిన మాకు ఇది వింత కాదు గాని, డబ్బా మీది పేరును సగమే చదివేవారికి ప్రాణాంతకం.

డొప్పలోని ఖాళీని నింపడానికి దూది వంటి పీచును పైన కూరే అలవాటు కొందరిలో ఉన్నది. నల్లమందు నాటి తెలివి ఇది. పొగలేని మందుతో ఆ పీచు ఉండగట్టి గుండు అడుగును తాకి, డొప్పను పట్టే అర గోడలో వలయంలాగా ఉబ్బు కలిగించిన సందర్భాలు కలవు. పరీక్షించి చెప్పిన పుస్తకం లేనిదే ఇది కూడదు.

చివరగా, పేలిన వెంటనే కనబడని హాని ఒకటి ఉన్నది. పూర్తి బలపు తూటా పేలినప్పుడు ఒత్తిడికి డొప్ప వెనుకకు జరిగి రైఫిల్ బోల్టుకు గట్టిగా ఆనుతుంది. కొంచెం వెలికివచ్చిన రంజకం తిరిగి తన చోట కూర్చుంటుంది. తక్కువ బలపు తూటాలో ఆ నెట్టు ఉండదు. సూది దెబ్బకు, రంజకం పేలుడుకు డొప్ప ముందుకు కొట్టుకొని దాని భుజం వెనుకకు అణుగుతుంది. ఒక్కసారికి వెంట్రుకవాసి. అదే డొప్పను పదే పదే వాడితే అది తన అరకు పొట్టిదవుతుంది. ఇందుకు విరుగుడుగా కొందరు రంజకం నుండి మంట వచ్చే రంధ్రాన్ని పెద్దది చేస్తారు. ఈ రెండు రకాల డొప్పలూ తక్కువ బలానికి పనిచేస్తూనే ఉంటాయి. ఏనాడో పొరపాటున వాటిలో పూర్తి మోతాదు పోస్తే, పొట్టి డొప్ప సాగి అడుగు తెగి వేడి వాయువు పేల్చేవాని ముఖం వైపు రావచ్చు. రంధ్రం పెద్దదైన దానిలో రంజకం మీద పడే ఒత్తిడి హద్దు మీరుతుంది. తెలిసినవారు ఇటువంటి డొప్పల అడుగున చెరగని గుర్తు పెట్టి, వేరే పెట్టెలో వేసి, పూర్తి బలపు తూటాలు ఉండే బల్ల మీదికే రానివ్వరు. ఆ పెట్టె మీద మందు పేరు, మోతాదు, గుండు బరువు, నింపిన తేదీ రాసి ఉంటాయి. చీటీ ఊడిపోయిన పెట్టెలోని తూటాలను పేల్చక, గుండు ఊడదీసి మందు పారబోస్తారు.